అరుదైన జీవి ఉండే మట్టిని సంచికెత్తకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అంతరించిపోయే దశలో ఉన్న జీవులకు మట్టే ఇల్లు అన్న విషయం మీద ఇన్‌స్టలేషన్, అంటే గదిలో వస్తువుల్ని అమర్చి చూపించే కళారూపం, చేయాలనుకుంటున్నారు. అలాంటి జీవులుండే ఐదారు చోట్ల నుంచి మట్టి తెచ్చి, గాజు పెట్టెల్లో నింపి, ఒక్కో పెట్టె పక్కన ఆ జీవి ఫొటో పెడతారు. మట్టి ఎలా తవ్వి తేవాలి, నెల రోజులు పాడవకుండా ఎలా ఉంచాలి అని అడిగారు.

ముందు మీరు అడగనిదానికి జవాబు చెప్తాను. ఆ మట్టి తేకండి. గుప్పెడు కూడా వద్దు. నేను చాలా ఏళ్లుగా మట్టితోనే పనిచేస్తున్నాను. మట్టి రంగులతో బొమ్మలు వేశాను, పొరలు ఒలిచి గోడకు తగిలించాను, గాజు పెట్టెలూ పెట్టాను. మీ ఆలోచనకు దగ్గరగా ఉన్నదే ఒకటి చేసి చేతులు కాల్చుకున్నాను కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మనం బొమ్మలు వేసేవాళ్లం కాబట్టి మట్టిని ఒక పదార్థంగా చూడటం అలవాటైపోయింది, రంగు డబ్బానో క్లే ముద్దనో చూసినట్టు. కానీ అందులో బతికే జీవికి మట్టి పదార్థం కాదు, అమరిక. ఏ పొర మీద ఏ పొర ఉంది, మధ్యలో గాలి ఆడే సందులెన్ని, ఏ లోతులో తేమ ఎంత, మధ్యాహ్నం వేడి ఎంతవరకు దిగుతుంది, ఏ వేరు ఏ బూజుతో పొత్తు పెట్టుకుంది, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. పార పెట్టి తవ్వి సంచిలో పోసిన క్షణంలో అదంతా పోతుంది. గోడలు కూల్చి ఇటుకలు కుప్పపోసి, ఫలానావాళ్ల ఇల్లు ఇదేనని చూపించినట్టే ఉంటుంది మీ గాజు పెట్టె.

ఇది ఊరికే చెప్తున్న మాట కాదు. లార్జ్ బ్లూ అనే నీలి సీతాకోకచిలుక కథ చూడండి. దాని గొంగళిపురుగు మొదటి రెండు మూడు వారాలు వైల్డ్ థైమ్ అనే చిన్న మొక్క పూలు తిని, తర్వాత నేల మీద పడిపోతుంది. అక్కడ ఒక రకం ఎర్రచీమలు దాన్ని తమ పిల్లే అనుకుని పుట్టలోకి మోసుకెళ్తాయి. ఇక పది నెలల పాటు ఆ పురుగు నేలలోపలే ఉండి, చీమల పిల్లల్నే తింటూ పెరుగుతుంది. అంటే మనం గాలిలో చూసి మురిసిపోయే సీతాకోకచిలుక జీవితంలో ఎక్కువ భాగం మట్టిలోనే గడుస్తుంది. బ్రిటన్‌లో ఇది ఏటేటా తగ్గిపోతుంటే, సేకరించేవాళ్లు పట్టుకుపోతున్నారని కంచెలు కట్టారు. కంచెలు కట్టినా తగ్గింది. 1979 నాటికి అక్కడ ఒక్కటీ మిగల్లేదు.

అసలు కారణాన్ని జెరెమీ థామస్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి నేల మీద వంగి కూర్చుని పట్టుకున్నారు. 1950ల్లో మిక్సోమటోసిస్ అనే జబ్బు వచ్చి కుందేళ్లు చచ్చిపోయాయి. దానికి తోడు ఆ గుట్టల మీద పశువుల్ని మేపడం తగ్గింది. దాంతో గడ్డి కాస్త ఏపుగా పెరిగింది. కాస్త అంటే సెంటీమీటరు ఎత్తు ఉండేది మూడు నాలుగు సెంటీమీటర్లయింది, అంతే. ఆ నీడకు నేల రెండు మూడు డిగ్రీలు చల్లబడింది. పురుగును సాకే ఆ ఒక్క జాతి చీమకు ఆ చల్లదనం పడలేదు. చీమ పోయింది, వెనకాలే సీతాకోకచిలుక పోయింది. కారణం తెలిశాక మళ్లీ పశువుల్ని మేపి గడ్డిని పొట్టిగా ఉంచి, 1980ల్లో స్వీడన్ నుంచి తెచ్చిన పురుగుల్ని వదిలితే ఇప్పుడు మళ్లీ ఎగురుతున్నాయి.

ఆ గుట్ట నుంచి మీరు ఒక పెట్టెడు మట్టి తెచ్చారనుకుందాం. ఈ కథలో ఒక్క ముక్కైనా అందులో కనిపిస్తుందా? కనిపించదు. కథంతా ఆ రెండు మూడు డిగ్రీల్లో ఉంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీనిదగ్గరికే వస్తాను.

తవ్వడమే చావైన జీవి కూడా ఉంది. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌లాండ్ వానపాము సగటున మీటరు పొడవుంటుంది, సాగితే ఇంకా ఎక్కువ. వాగుల ఒడ్డున తడి బంకమట్టిలో బొరియలు చేసుకుని ఉంటుంది, పైకి రావడమంటూ దాదాపుగా ఉండదు. పెట్టే ఒక్కో గుడ్డులో ఒకటే పిల్ల, అది బయటపడటానికి ఏడాది పట్టొచ్చు. మామూలు వానపాము తెగితే తల ఉన్న ముక్క చాలాసార్లు బతికి బట్టకడుతుంది. దీనికి అదీ లేదు, పార తగిలితే అంతే సంగతులు. అది ఉందని తెలుసుకునే పద్ధతి మాత్రం మనలాంటివాళ్లకు పండగే: గట్టు మీద బరువుగా అడుగేస్తే కింద బొరియలో అది జరుగుతుంది, తడి బొరియలో జరిగేసరికి గడగడమని సింకులో నీళ్లు దిగినట్టు చప్పుడు వస్తుంది. జీవి కనిపించదు, మట్టి కదలదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఇన్‌స్టలేషన్‌కు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక ఆర్కిడ్ ఉంది, రైజాంథెల్లా గార్డ్‌నరీ దాని పేరు. 1928లో ఓ రైతు కంటపడేదాకా శాస్త్రానికి తెలియదు, ఎందుకంటే అది పూసేది కూడా మట్టి కిందే. ఆకు లేదు, పచ్చదనం లేదు. ఒక రకం పొద వేళ్లను పట్టుకుని బతికే శిలీంధ్రం ఉంటుంది, ఆ శిలీంధ్రాన్ని పట్టుకుని ఈ ఆర్కిడ్ బతుకుతుంది. ముగ్గురిలో ఒక్కరిని పక్కకు తీసినా కథ ముగుస్తుంది. దాన్ని వెతకాలంటే ఎండుటాకుల్ని వేళ్లతో మెల్లగా పక్కకు నెట్టి చూడాలి. ఇలాంటి చోట మీ పార ఎలా దిగుతుంది?

అనుమతుల సంగతి పొడుగ్గా చెప్పను. రక్షిత ప్రాంతం నుంచి మట్టి తీయాలంటే దాదాపు ఎక్కడైనా రాతపూర్వక అనుమతి కావాలి, దేశం దాటించాలంటే క్వారంటైన్ నిబంధనలుంటాయి. కాగితాలు పుట్టినా సరే వద్దనే అంటాను. మట్టితో పాటు మనకు తెలియనివి ప్రయాణం చేస్తాయి. పశ్చిమ ఆస్ట్రేలియా అడవుల్లో జర్రా చెట్లను, ఇంకా ఎన్నో మొక్కల్ని చంపుతున్న ఫైటాఫ్తొరా సిన్నమోమి అనే వేరుకుళ్లు రోగం బండి టైర్లకూ బూట్లకూ అంటిన మట్టితోనే వ్యాపించింది. అందుకే అక్కడ చాలాచోట్ల కాలిబాట మొదట్లోనే బూట్లు తోముకునే బ్రష్షులు పెట్టారు. పోనీ క్రిములు చావాలని మట్టిని ఆవిరిలో ఉడికించి తెస్తే, జీవుల ఇల్లు అని రాసి చచ్చిన మట్టిని చూపించినవాళ్లమవుతాం.

ఇంతకుముందు ఎవరెవరు మట్టితో ఏం చేశారో చూస్తే మీకు దారి తెలుస్తుంది. అందరూ చెప్పేది వాల్టర్ డి మరియా చేసిన న్యూయార్క్ ఎర్త్ రూమ్. 1977లో ఒక భవనంలో 335 చదరపు మీటర్ల గదిని 56 సెంటీమీటర్ల ఎత్తున మట్టితో నింపారు, బరువు 127 టన్నులు. ఇప్పటికీ ఉంది. గొప్ప పనే, కాదనను. కానీ అక్కడ క్రమం తప్పకుండా జరిగే పని గమనించండి: మట్టికి నీళ్లు పెడతారు, రేక్‌తో గీరతారు, పుట్టగొడుగు మొలిస్తే పీకేస్తారు. అంటే ఆ పనిలో మట్టి మట్టిగానే ఉండాలి, ఇల్లు కాకూడదు. మీ విషయానికి అది సరిగ్గా ఎదురుదిక్కు.

ఎబ్రహాం క్రూస్‌వియేగాస్ 2015లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో చేసినది మీకు దగ్గర. ఊళ్లోని పార్కులు, తోటల నుంచి తెచ్చిన 23 టన్నుల మట్టిని 240 చెక్క తొట్లలో పోసి, ఏమీ నాటకుండా, లైట్లు పెట్టి నీళ్లు పోస్తూ ఆరు నెలలు వదిలేశారు. ఏం మొలిస్తే అదే. మరియా తెరెసా ఆల్వెస్ 1999 నుంచి చేస్తున్న పని నాకు ఇంకా ఇష్టం. పాత రోజుల్లో ఓడలు బరువు కోసం అడుగున మట్టీ రాళ్లూ నింపుకుని వచ్చి రేవుల్లో పారబోసేవి. ఆమె ఆ రేవుల్లోని మట్టి తీసుకుని, నిద్రపోతున్న విత్తనాల్ని మొలిపించి, ఏ మొక్క ఏ సముద్రం దాటి వచ్చిందో చూపిస్తారు. మెల్ చిన్ అయితే 1991లో రూఫస్ చేనీ అనే నేల శాస్త్రవేత్తతో కలిసి, అమెరికాలో సెయింట్ పాల్ ఊరి పక్కనున్న చెత్తదిబ్బ మీద, కాడ్మియం లాంటి విషపు లోహాల్ని వేళ్లతో లాగేసే మొక్కలు పెంచారు. గమనించారా, ఈ ముగ్గురూ తీసుకున్నది పార్కు మట్టి, రేవు మట్టి, చెత్తదిబ్బ మట్టి. ఎవరికీ కొంపలంటుకోని మట్టి.

ఇక నేను చేసిన నిర్వాకం. నాలుగు గాజు పెట్టెలు, ఒక్కోదానిలో మోకాలెత్తు మట్టి, అడుగున నీళ్లు పోయే దారి లేదు. అందంగా ఉండాలని సిలికాన్‌తో నాలుగు వైపులా సీల్ చేశాను. ఎండిపోతుందేమోనన్న టెన్షన్‌తో రోజూ స్ప్రే కొట్టించాను. రెండో వారానికి అడుగు పొర బూడిదరంగుకు తిరిగి, కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. గాలి ఆడని తడిమట్టిలో పెరిగే బ్యాక్టీరియా వదిలే వాయువు అది. గాజుకు ఆనుకున్న చోటంతా లైటు వెలుగుకు పచ్చని పాచి పట్టి లోపల ఏమీ కనిపించకుండా పోయింది. పై నుంచి చిన్న నల్ల దోమల్లాంటివి లేచి పక్క గదిలో ఒకాయన కాగితం బొమ్మల మీద వాలాయి. ఆ గ్యాలరీవాళ్లు నన్ను మళ్లీ పిలవలేదు, వాళ్ల తప్పేం లేదు. లోపల వేసిన వానపాములు ఏమయ్యాయో చెప్పడం ఇష్టం లేదు. జీవుల ఇల్లు గురించి బొమ్మ పెట్టి జీవుల్ని చంపాను, అంతే.

దాని నుంచి నేర్చుకున్నవి మీకు పనికొస్తాయి. బతికున్న మట్టి పెట్టాలంటే ఇంటి కుండీలోదో, ఏ పెరటిదో మామూలు మట్టి తీసుకోండి. అడుగున కంకర, నీళ్లు కారే రంధ్రం ఉండాలి, పైన మూత బదులు సన్నని వల. గాజుకు నల్లగుడ్డ తొడిగి, చూసేవాళ్లే తెర తీసి చూసేలా పెట్టండి. లోపల ఎర్రబల్బు వాడండి, వానపాములకు ఎరుపు వెలుగు పెద్దగా తెలియదు కాబట్టి గాజు దగ్గరే పని చేసుకుంటూ కనిపిస్తాయి. మరో మాట, తడిమట్టి ఘనమీటరు టన్నున్నర దాటొచ్చు. పెట్టెల కొలతలు వేసుకున్నాక, నేల ఆ బరువు మోస్తుందో లేదో భవనం తెలిసినవాళ్లను అడిగాకే ముందుకెళ్లండి.

కానీ బతికున్న మట్టే పెట్టాలని ఎక్కడుంది? మట్టిలోని అమరికను చూపించే పద్ధతులు వేరే ఉన్నాయి. నేల శాస్త్రవేత్తలు నేలపొరల్ని ఉన్నది ఉన్నట్టు ఒలిచి పలక మీద అంటిస్తారు. నెదర్లాండ్స్‌లోని వాహెనింగన్‌లో ఉన్న ప్రపంచ మట్టి మ్యూజియంలో దేశదేశాల నేలపొరలు వెయ్యికి పైగా ఉన్నాయి. మనమూ చేసుకోవచ్చు. ఎవరో పునాది కోసం ముందే తవ్విన గొయ్యి వెతకండి, దాని నిలువు గోడను తాపీతో చదును చేసి, నీళ్లు కలిపిన ఫెవికాల్ లాంటి తెల్లజిగురు పట్టించి, దాని మీద కట్లు కట్టే పల్చటి గాజుగుడ్డ అద్ది, ఆరాక మెల్లగా లాగితే కొన్ని మిల్లీమీటర్ల మందాన పొరలన్నీ గుడ్డకు అంటుకుని వస్తాయి. ఇసుక నేలల్లో చక్కగా వస్తుంది. బంకమట్టి ఆరేటప్పుడు బీటలిచ్చి ఏడిపిస్తుంది.

రంగు సంగతి మీకు కొత్త కాకపోవచ్చు. మట్టిని నీళ్లలో కలిపి, బరువైన ఇసుక అడుక్కి దిగాక పైనున్న బురదనీళ్లను వంచి, గుడ్డలో వడకట్టి ఆరబెట్టి, తుమ్మబంకతో నూరితే రంగు తయారు. ఒకటి మాత్రం చెప్పాలి. ఇవాళ నేల శాస్త్రవేత్తలందరూ పొలంలో మట్టి రంగు రాసుకోవడానికి వాడే మన్‌సెల్ చార్టుకు మూలమైన రంగుల పద్ధతిని తయారుచేసిన ఆల్బర్ట్ మన్‌సెల్ శాస్త్రవేత్త కాదు, చిత్రకారుడు, బొమ్మల మాస్టారు. కాబట్టి ఎవరైనా సైన్సులో మీకేం పని అంటే ఆయన పేరు చెప్పండి.

జీవుల్ని చూపించాలనుకుంటే గరాటు పద్ధతి ఉంది. గరాటులో జల్లెడ పెట్టి, దాని మీద రెండు గుప్పెళ్ల ఎండుటాకుల మట్టి పరిచి, పైన వేడెక్కే పాతరకం బల్బు వెలిగించండి. ఎల్‌ఈడీ పనికిరాదు, వేడి చాలదు. పై నుంచి మట్టి ఆరుతుంటే లోపలి పురుగులు తడిని వెతుక్కుంటూ కిందికి దిగి గరాటు మూతిలోంచి పడతాయి. కింద ఆల్కహాల్ సీసా బదులు బొగ్గుపొడి కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గట్టిపడ్డాక తడిపిన గిన్నె పెడితే బతికే ఉంటాయి. నల్లని ప్లాస్టర్ మీద మొదట దుమ్ము రాలినట్టుంటుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ దుమ్ము నడుస్తుంటుంది, తెల్లగా స్ప్రింగ్‌టెయిల్స్ అనే గెంతే బుల్లి జీవులు, గుండ్రంగా గోధుమరంగులో మైట్స్ అనే నల్లుల్లాంటివి. ఊపిరి తగిలితే స్ప్రింగ్‌టెయిల్ పొట్ట కింద మడిచిన తోకను విదిల్చి మాయమైపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వొస్తుంది. పని అయ్యాక వాటిని తీసిన చోటే వదిలిపెట్టండి.

చప్పుడు వైపు వెళ్లాలనుకుంటే స్విట్జర్లాండ్‌కు చెందిన మార్కస్ మేడర్ చేసిన సౌండింగ్ సాయిల్ ప్రాజెక్టు వినండి. మట్టిలోకి సెన్సర్ దించి, లోపలి జీవుల కదలికల్ని పెద్దది చేసి వినిపించారు. పాద ముద్రల వైపు అయితే కలివికోడి ఉంది. పోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది. రాత్రిపూట తిరిగే ఆ పక్షిని పట్టకుండానే వెతకడానికి పరిశోధకులు చిట్టడవిలో మెత్తటి మట్టిని సన్నని పట్టీల్లా పరిచి, తెల్లారి అడుగుల గుర్తులు చూసుకునేవారు. శాస్త్రం కోసం చేశారు గానీ, నన్నడిగితే అది మట్టి మీద వేసిన మంచి బొమ్మ కూడా.

ఫొటోల గురించి ఒక చిక్కు. మట్టి జీవుల్లో ఫొటో ఉన్నవి చాలా తక్కువ. భూమ్మీది జాతుల్లో 59 శాతం మట్టితో ముడిపడి బతుకుతున్నాయని 2023లో ఒక అంచనా వచ్చింది, అటూ ఇటూ 15 శాతం తేడాతో. వాటిలో అత్యధికం ఏ జాబితాలోనూ లేవు, ప్రమాదంలో ఉన్నాయో లేదో చూసినవాళ్లే లేరు. టాస్మేనియాలో పెడ్డర్ సరస్సు ఒడ్డున 1971లో ఒక వానపాము దొరికింది. మరుసటి ఏడాది జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం ఆ సరస్సును ముంచేశారు. తర్వాత వెతికితే ఇంకోటి కనిపించలేదు, 2003లో అంతరించిందని ప్రకటించారు. ఆ జాతి గురించి మనకున్నదంతా ఆ ఒక్క నమూనా. దాని పక్కన ఏ ఫొటో పెడతారు? కాబట్టి పెట్టెకో ఫొటో అన్న లెక్క వదిలేయండి. ఫొటో దిగిన జీవులకే చోటు దొరికే పద్ధతి అది.

మీ చోట నేనుంటే ఏం చేస్తానో చెప్పి ముగిస్తాను. ఐదారు జీవులు వద్దు, ఆ నీలి సీతాకోకచిలుక ఒక్కటి చాలు. ఒకే కొలత ట్రేలు రెండు, రెండింటిలో ఒకే మామూలు మట్టి, ఒకే రకం గడ్డి. ఒక ట్రేలో గడ్డి సెంటీమీటరు, రెండోదానిలో ఐదు. పైన ఒకే ఎత్తులో ఒకే రకం వేడి దీపాలు. రెండు సెంటీమీటర్ల లోతున డిజిటల్ థర్మామీటరు మొన దించి, అంకెలు మాత్రం దూరం నుంచి కూడా కనిపించేంత పెద్దవిగా గోడ మీద పెడతాను. సీతాకోకచిలుక బొమ్మ ఎక్కడా ఉండదు. పక్కన నాలుగు వాక్యాల కాగితం, అంతే.

ప్రదర్శనకు నెల ముందే ఇంట్లో పెట్టి చూసుకోండి. దీపం ఎత్తు, గడ్డి ఒత్తు, నీళ్లు పోసే వేళ మారితే తేడా మారుతుంది, ఒక్కోసారి అర డిగ్రీ కూడా రాదు. తేడా నిలకడగా వచ్చే దీపం ఎత్తు దొరికేదాకా రోజూ రాసుకోండి. నీళ్లు రెండు ట్రేలకూ కొలిచి ఒకేలా పోయాలి, లేకపోతే మీరు చూపించేది తడి తేడా అవుతుంది. మరీ ముఖ్యంగా, గడ్డి ఆగదు కాబట్టి పొట్టి ట్రేని రెండు మూడు రోజులకోసారి కత్తిరించాల్సిందే. ఆ పని గ్యాలరీ తెరవకముందు దొంగచాటుగా చేయకండి, పగలు అందరి ముందే చేయండి. కత్తెరను అక్కడే ట్రే పక్కన వదిలేయండి. రెండో వారానికి చూడటానికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుంటారు.